క్యామ్ సాఫ్ట్‌వేర్, పోస్ట్ ప్రాసెసర్ వివాదాలు

సీఎన్‌సీ యంత్రాలకు ప్రోగ్రాములు తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ విషయంలో కొన్నవారికీ అమ్మినవారికీ వచ్చే తగాదాలు చాలావరకు పోస్ట్ ప్రాసెసర్ దగ్గర మొదలవుతాయి. డ్రాయింగ్ చూసి టూల్ ఏ దారిన నడవాలో లెక్కగట్టేది క్యామ్ సాఫ్ట్‌వేర్. ఆ దారిని ఫలానా యంత్రం, ఫలానా కంట్రోలర్ చదవగలిగే జి-కోడ్‌గా మార్చేది పోస్ట్ ప్రాసెసర్. షాపుల్లో దాన్ని ‘పోస్ట్’ అని క్లుప్తంగా అంటారు. మొదటిది ప్రపంచమంతటా అమ్ముడయ్యే ఒకే ప్యాకేజీ. రెండోది మాత్రం యంత్రం మారినప్పుడల్లా మారాలి. కొనేవారు పెద్ద మొత్తం కట్టేది మొదటిదానికి, యంత్రం మీద జాబ్ పూర్తయ్యేది రెండోది సరిగ్గా ఉన్నప్పుడు. పోస్ట్‌ను యంత్రానికి తగ్గట్టు మార్చడం అమ్మకంలో భాగమా, విడిగా కొనుక్కోవాల్సిన సేవా అన్నదే ఈ వివాదాల మూలప్రశ్న. సాంకేతికంగా దీనికి జవాబు తేలికే. చట్టం జవాబు మాత్రం చాలాసార్లు పర్చేజ్ ఆర్డర్‌లో రాసిన ఒకటి రెండు వాక్యాల మీద ఆధారపడుతుంది.

హైదరాబాద్ తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాలకు ఈ విషయంతో రెండు వైపుల సంబంధం ఉంది. క్యాడ్, క్యామ్ నేర్పే శిక్షణ సంస్థలున్న కోచింగ్ కేంద్రాల్లో దిల్‌సుఖ్‌నగర్ ఒకటి. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాల సముదాయం ఎల్బీ నగర్‌లో ఉంది. ప్రోగ్రామర్లు తయారయ్యే చోటుకూ, తగాదా ముదిరితే చేరే చోటుకూ మధ్య మెట్రోలో కొన్ని స్టేషన్ల దూరమే.

పోస్ట్ ఎందుకు విడిగా ఉంది

సంఖ్యా నియంత్రణ పుట్టిననాటి అవసరాల్లోనే దీనికి కారణం ఉంది. జాన్ పార్సన్స్ ఆలోచన నుంచి మొదలైన ప్రాజెక్టులో భాగంగా అమెరికాలోని ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీ 1952లో సంఖ్యలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. ఆ దశాబ్దం రెండో సగంలో డగ్లస్ రాస్ నాయకత్వంలో ఏపీటీ అనే ప్రోగ్రామింగ్ భాష తయారైంది. ప్రతి కంపెనీ కంట్రోలర్ ఒక్కో తీరుగా ఉండడంతో ఏపీటీ రూపకర్తలు పనిని రెండు దశలుగా విడగొట్టారు. ముందు ఏ యంత్రానికీ చెందని టూల్ స్థానాల పట్టిక తయారవుతుంది. తర్వాత ఆయా యంత్రానికి రాసిన పోస్ట్ ప్రాసెసర్ దాన్ని అనువదిస్తుంది. నేటి క్యామ్ ప్యాకేజీలు చాలావరకు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి.

జి-కోడ్‌కు ప్రమాణాలు వచ్చినా తేడాలు పోలేదు. 1980లో అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం ఆర్‌ఎస్-274-డి తుది రూపాన్ని, 1982లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 6983ను వెలువరించాయి. రెండూ చాలా సంకేతాలను యంత్ర తయారీదారుల ఇష్టానికి వదిలేశాయి. ఫానుక్, సీమెన్స్, హైడెన్‌హైన్, మిట్సుబిషి, హాస్ కంట్రోలర్లు ఎవరి దారిన వారు ఆ ఖాళీలను నింపుకున్నాయి. కంట్రోలర్ ఒకటే అయినా, యంత్రం సహాయక పనులకు వాడే ఎం-కోడ్‌లను చాలావరకు యంత్రం తయారీదారే కేటాయిస్తాడు. అందుకే ఒకే ఫానుక్ కంట్రోలర్ ఉన్న రెండు కంపెనీల యంత్రాలకు ఒకే పోస్ట్ పూర్తిగా సరిపోకపోవచ్చు. పోస్ట్ అవసరాన్నే తీసేద్దామని వచ్చిన స్టెప్-ఎన్‌సీ ప్రమాణం, అంటే ఐఎస్‌ఓ 14649, షాపుల్లో జి-కోడ్‌ను పక్కకు నెట్టలేకపోయింది.

తప్పులు ఎక్కడ వస్తాయి

ఫానుక్ కంట్రోలర్ల మీద దశాంశ చుక్క సంగతి ఆపరేటర్లందరికీ తెలుసు. సాధారణ సెట్టింగులో ‘ఎక్స్25.’ అంటే 25 మిల్లీమీటర్లు. చుక్క లేకుండా ‘ఎక్స్25’ అని పడితే అది 25 మైక్రాన్లు, అంటే 0.025 మిల్లీమీటర్లు. చుక్కలేని అంకెను కూడా మిల్లీమీటర్లుగానే చదివేలా పారామీటర్ మార్చుకునే వీలుంది. కాబట్టి ఒకే షాపులో పక్కపక్కనున్న రెండు యంత్రాలు ఒకే లైన్‌ను రెండు రకాలుగా చదవవచ్చు. పోస్ట్ రాసిన వ్యక్తి కంట్రోలర్ పేరు తెలుసుకుని, పారామీటర్ అడగకపోతే సగం సమాచారంతో పని మొదలుపెట్టినట్టే.

లేత్‌లలో గొడవ ఇంకా చిక్కు. ఫానుక్ లేత్ కంట్రోలర్లలో ఎ, బి, సి అని మూడు జి-కోడ్ పద్ధతులున్నాయి. బి పద్ధతిలో జి90 అంటే కొలతలను స్థిర బిందువు నుంచి తీసుకోమని ఆదేశం. ఎ పద్ధతిలో అదే జి90 టర్నింగ్ సైకిల్‌ను మొదలుపెడుతుంది. స్పిండిల్ గరిష్ఠ వేగానికి హద్దు పెట్టే ఆదేశం ఎ పద్ధతిలో జి50 అయితే, బి పద్ధతిలో జి92. మిల్లింగ్ అలవాటుతో రాసిన పోస్ట్ ప్రతి ప్రోగ్రాం తలలోనూ జి90 వేస్తే, ఎ పద్ధతి లేత్ దాన్ని వేరే అర్థంతో తీసుకుంటుంది. చాపాల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. వ్యాసార్ధాన్ని ‘ఆర్’తో ఇచ్చి పూర్తి వృత్తాన్ని ఒకే లైన్‌లో కోయించడం కుదరదు, దానికి కేంద్రాన్ని ‘ఐ’, ‘జె’లతో చెప్పాల్సిందే.

నాలుగో అక్షం చేరితే రోటరీ టేబుల్ ఏ వైపు తిరిగితే ధనాత్మకం, 359 డిగ్రీల నుంచి 1 డిగ్రీకి వెళ్లడానికి దగ్గర దారి పట్టాలా లేక వెనక్కి మొత్తం తిరిగి రావాలా, టేబుల్‌ను బిగించే, వదిలే ఎం-కోడ్‌లు ఏవి అన్న ప్రశ్నలు వస్తాయి. బిగింపు వదలకుండా టేబుల్ తిప్పమంటే యంత్రం అలారం కొట్టి ఆగిపోతే అదృష్టమే. ఐదు అక్షాల యంత్రంలో టూల్ వంగినా దాని మొన దారి తప్పకుండా చూసే సదుపాయాన్ని ఫానుక్‌లో జి43.4తో, సీమెన్స్‌లో ట్రావోరీతో, హైడెన్‌హైన్‌లో ఎం128తో పిలుస్తారు. కొన్ని యంత్రాల్లో ఈ సదుపాయం అదనపు ధరతో వచ్చే ఆప్షన్. కంట్రోలర్‌లో అది తెరవని యంత్రానికి పోస్టే ఆ లెక్క చేయాలి. అప్పుడు టూల్ పొడవు మారినా, జాబ్ పెట్టిన చోటు మారినా ప్రోగ్రాం మళ్లీ తీయాల్సిందే. కొనుగోలుదారు సాఫ్ట్‌వేర్ పని చేయడం లేదని ఫిర్యాదు చేసే సందర్భాల్లో కొన్ని నిజానికి యంత్రంతో పాటు కొననివాటి గురించే ఉంటాయి.

పాత కంట్రోలర్ల మెమరీ మరో ఇబ్బంది. మోల్డ్ ఉపరితలానికి చిన్న చిన్న సరళరేఖలతో తీసిన ప్రోగ్రాం లక్షల లైన్లకు చేరుతుంది. అది మెమరీలో పట్టక సీరియల్ కేబుల్ ద్వారా కొంచెం కొంచెంగా పంపాల్సి వస్తే, కేబుల్ వేగం యంత్రం ఆకలికి సరిపోక కోత ఆగి ఆగి సాగుతుంది. జాబ్ మీద గీతలు పడతాయి. తప్పు పోస్ట్‌దేనని కొనుగోలుదారు, కంట్రోలర్‌దేనని డీలర్ అంటారు. ఆ సరళరేఖలను జి2, జి3 చాపాలుగా కలిపి రాసేలా క్యామ్‌లోనూ పోస్ట్‌లోనూ మార్చుకుంటే ప్రోగ్రాం పొట్టి అవుతుంది. అంటే ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది.

తెర మీద కనబడేది

అమ్మకందారు డెమో ఇచ్చేటప్పుడు చూపే సిమ్యులేషన్ ఈ తగాదాల్లో తరచూ సాక్ష్యంగా బయటికొస్తుంది. తెర మీద టూల్ చక్కగా నడిచి, జాబ్ పూర్తవుతుంది. క్యామ్ ప్యాకేజీలోని మామూలు సిమ్యులేషన్ చాలాసార్లు పోస్ట్‌కు ముందున్న టూల్ స్థానాల పట్టికనే ఆడిస్తుంది, పోస్ట్ తీసిన జి-కోడ్‌ను కాదు. పోస్ట్ చేసిన తప్పు ఆ తెర మీద కనబడే వీలే లేదు. జి-కోడ్‌ను చదివి యంత్రం నమూనా మీద నడిపి చూసే వెరికట్ వంటి సాఫ్ట్‌వేర్ 1988 నుంచీ ఉంది, కానీ దానికి విడిగా ధర. చిన్న షాపులు డ్రై రన్, సింగిల్ బ్లాక్, జాబ్ పైన గాలిలో నడిపి చూడడం వంటి పద్ధతుల మీదే ఆధారపడతాయి. లైసెన్స్ పత్రాల్లో ‘యంత్రం మీద నడిపే ముందు కోడ్‌ను సరిచూసుకునే బాధ్యత వాడుకరిదే’ అన్న షరతు మామూలుగా ఉంటుంది. స్పిండిల్ గుద్దుకుని నష్టం జరిగాక డీలర్ ముందుగా చూపేది ఆ షరతునే.

డెమో గురించి ఒక మాట. డెమోలో వాడే పోస్ట్ సాధారణంగా ప్యాకేజీతో వచ్చే నమూనా ఫానుక్ పోస్ట్. మూడు అక్షాల వీఎంసీ (నిలువు మిల్లింగ్ యంత్రం) మీద చదరపు పాకెట్లు, డ్రిల్ రంధ్రాల వరకు అది దాదాపు అన్ని చోట్లా నడుస్తుంది. కొనుగోలుదారు మనసులో మాత్రం తను ఆ మధ్యే తెచ్చుకున్న నాలుగో అక్షం ఉంటుంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తకుండానే పర్చేజ్ ఆర్డర్ వెళ్లిపోతుంది.

అమ్మకం తీరు, తగాదా తీరు

క్యామ్ సాఫ్ట్‌వేర్‌ను తయారీ కంపెనీ నేరుగా అమ్మడం తక్కువ. నగరానికో ప్రాంతానికో ఉన్న డీలర్ అమ్ముతాడు. లైసెన్స్ తయారీదారుతో, చెల్లింపు డీలర్‌తో, శిక్షణ డీలర్ దగ్గరి అప్లికేషన్ ఇంజనీర్‌తో. పోస్ట్‌ను ఆ ఇంజనీరే మారుస్తాడు, లేదా బయటి వ్యక్తికి అప్పగిస్తారు. పని చెడితే ఈ ముగ్గురిలో ఎవరి మీద పోవాలో కొనుగోలుదారుకు అంతుచిక్కదు. తయారీదారు లైసెన్స్‌లో ‘ఫలానా అవసరానికి సరిపోతుందన్న హామీ లేదు’ అని ఉంటుంది. డీలర్ కొటేషన్‌లో పోస్ట్ ఒక వరుసగా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు, లేదా ‘ప్రామాణిక పోస్ట్ ఉచితం’ అని ఉండవచ్చు. ఆ మూడో రకం మాట చాలా తగాదాలకు విత్తనం. ప్రామాణికం అంటే ఏమిటో కొటేషన్ చెప్పదు, అడగాలన్న ఆలోచన కొనేవారికి రాదు.

పోస్ట్ ఒకసారి సరిచేస్తే అయిపోయేది కాదు. మొదటి జాబ్‌లో డ్రిల్లింగ్ సైకిల్, రెండో దాంట్లో ట్యాపింగ్, మూడో దాంట్లో సబ్‌ప్రోగ్రాం పిలుపు, ఇలా ఒక్కొక్కటిగా లోపాలు బయటపడతాయి. డీలర్ లెక్కలో పని మొదటి జాబ్‌తో అయిపోయింది, కొనుగోలుదారు లెక్కలో ఇంకా నడుస్తోంది. ఏడాది తర్వాత వార్షిక మెయింటెనెన్స్ కట్టి కొత్త వెర్షన్‌కు మారితే పాత పోస్ట్‌లో చేసిన మార్పులు కొత్తదాంట్లోకి రాకపోవచ్చు. పోస్ట్ రాసే భాషలు కూడా ప్యాకేజీకి ఒకటి. సీమెన్స్ ఎన్‌ఎక్స్‌లో పోస్ట్ బిల్డర్ టీసీఎల్ మీద నడుస్తుంది. ఆటోడెస్క్ పోస్టులు జావాస్క్రిప్ట్‌లో ఉంటాయి. మాస్టర్‌క్యామ్‌కు ఎంపీ అనే సొంత భాష ఉంది. ఒకదాంట్లో ఆరితేరిన ఇంజనీర్ రెండోదాంట్లో కొత్తవాడే.

అన్నిటికన్నా మొండి తగాదా పోస్ట్ ఎవరిదన్నది. మార్పు చేయించడానికి డబ్బు కట్టిన కొనుగోలుదారు ఆ ఫైలు తనదే అనుకుంటాడు. డీలర్ దాన్ని తెరవడానికి వీల్లేని బైనరీ రూపంలో తాళం వేసి ఇస్తాడు, తను కష్టపడి రాసినదాన్ని పోటీ డీలర్ కాపీ కొట్టకుండా. డీలర్ మారినా, డీలర్ దగ్గరి ఇంజనీర్ ఉద్యోగం మానినా ఆ పోస్ట్‌లో ఒక్క అక్షరం మార్చుకునే దారి ఉండదు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా రచనే. విడిగా రాతపూర్వకంగా హక్కు బదిలీ చేయకపోతే, డబ్బు కట్టించి రాయించినంత మాత్రాన బయటివారు రాసిన ప్రోగ్రాం హక్కు కొనుగోలుదారుకు రాదు. మూల ఫైలు ఇవ్వాలన్న వాక్యం ఒప్పందంలో ముందే ఉండాలి.

తూర్పు హైదరాబాద్ నేపథ్యం

ఎల్బీ నగర్ కూడలి నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు ఒకవైపు ఉప్పల్‌కూ, మరోవైపు చాంద్రాయణగుట్ట దిశగానూ సాగుతుంది. ఉప్పల్ అవతల నాచారం, చర్లపల్లి, కుషాయిగూడ పారిశ్రామికవాడలున్నాయి. చాంద్రాయణగుట్ట దారిలో కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనశాలలు, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ ఉన్నాయి. నాగార్జునసాగర్ రోడ్డు మీద ఆదిభట్లలో టాటా సంస్థల విమాన భాగాల కర్మాగారాలు వెలిశాయి. అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలాజ్‌లు చేసే టాటా బోయింగ్ కర్మాగారం 2018లో మొదలైంది. ఇలాంటి పెద్ద సంస్థలకు జాబ్ వర్క్ చేసే చిన్న షాపులు క్యామ్ సాఫ్ట్‌వేర్‌కు సహజమైన కొనుగోలుదారులు. రక్షణ, వైమానిక భాగాల్లో అల్లాయ్ గట్టిది, ఆకారం వంకరది, గడువు తక్కువ. నాలుగో, ఐదో అక్షం అవసరం అక్కడే వస్తుంది. పోస్ట్ ఆలస్యమైతే జాబ్ ఆలస్యమై, ఆర్డర్ ఇచ్చిన సంస్థ జరిమానా కోస్తుంది. ఆ జరిమానాను కొనుగోలుదారు సాఫ్ట్‌వేర్ డీలర్ మీద వేయాలని చూస్తాడు.

దిల్‌సుఖ్‌నగర్ పాత్ర వేరు. డిప్లొమా, ఇంజనీరింగ్ చదివినవారు ఉద్యోగం కోసం అక్కడి సంస్థల్లో క్యామ్ ప్యాకేజీలు నేర్చుకుంటారు. పాఠం కంప్యూటర్ మీదే. యంత్రం దగ్గర నిలబడే అవకాశం తక్కువ. టూల్ దారి తీయడం, సిమ్యులేషన్ నడపడం వస్తుంది, ప్యాకేజీతో వచ్చే నమూనా పోస్ట్ బటన్ నొక్కడమూ వస్తుంది. ఆ పోస్ట్ లోపల ఏముందో తెరిచి చూడడం పాఠ్యప్రణాళికలో ఉండడం అరుదు. యంత్రాలతో కలిపి నేర్పే సంస్థ నగరంలో చాలాకాలంగా ఉంది. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో ఏర్పడింది. కానీ చిన్న షాపు యజమానికి నెలాఖరుకు దొరికే ప్రోగ్రామర్ కోచింగ్ సెంటర్ నుంచి వచ్చినవాడే కావచ్చు. అతడు తీసిన ప్రోగ్రాంలో తేడా వస్తే తప్పు వాడినవారిదా, పోస్ట్‌దా అన్నది తేల్చగలిగినవారు షాపులో ఉండరు. డీలర్ ఇంజనీర్ వచ్చి ‘మీ ప్రోగ్రామర్‌కు శిక్షణ చాలలేదు’ అని రాసి సంతకం పెట్టించుకుని పోతాడు. తగాదా కోర్టు దాకా వెళ్తే ఆ సర్వీస్ రిపోర్ట్ చాలా బరువైన కాగితం.

సరుకా, సేవా

భారతదేశంలో సాఫ్ట్‌వేర్ సరుకా కాదా అన్న ప్రశ్నను తేల్చిన ప్రధాన తీర్పు హైదరాబాద్‌లో వేసిన పన్ను నుంచే పుట్టింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ మీద ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం 1957 కింద హైదరాబాద్ వాణిజ్య పన్నుల అధికారి పన్ను విధించారు. ట్రైబ్యునల్, హైకోర్టు 1996లో దాన్ని సమర్థించాయి. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కంపెనీ అప్పీలును తోసిపుచ్చింది. షెల్ఫ్ మీద నుంచి తీసి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని చెప్పింది. ఆ కేసులో ప్రస్తావనకు వచ్చిన రెడీమేడ్ ప్యాకేజీల్లో ఒరాకిల్, లోటస్‌లతో పాటు యూనిగ్రాఫిక్స్ కూడా ఉండడం ఇక్కడ ఆసక్తికరం. నేటి సీమెన్స్ ఎన్‌ఎక్స్ దాని వారసురాలే, అంటే అది క్యాడ్, క్యామ్ ప్యాకేజీ. కొనుగోలుదారు కోసం ప్రత్యేకంగా రాసిన సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం కోర్టు అభిప్రాయం చెప్పకుండా ఆగింది. అలాంటి ఒప్పందం సేవా ఒప్పందం కావచ్చునన్న ప్రశ్న ఉందని గుర్తుచేసింది.

పోస్ట్ ప్రాసెసర్ వివాదం సరిగ్గా ఆ సరిహద్దు మీద కూర్చుంటుంది. క్యామ్ ప్యాకేజీ సరుకు, దాన్ని యంత్రానికి తగ్గట్టు మార్చడం సేవ. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం రెండో షెడ్యూలు సాఫ్ట్‌వేర్‌ను అభివృద్ధి చేయడం, అవసరానికి తగ్గట్టు మార్చడం, అమలుచేయడం సేవల కిందికి వస్తాయని నేరుగా రాసింది. పన్ను కోసం గీసిన ఈ గీత ఒప్పంద వివాదాన్ని తేల్చదు. అయితే ఇన్‌వాయిస్‌లో పోస్ట్ పని విడి వరుసగా, విడి సేవగా కనిపిస్తే, దాన్ని విడిగా కొన్నట్టు చూపే ఆధారం అవుతుంది.

సరుకు అనుకుంటే 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 16వ సెక్షన్ వర్తిస్తుంది. కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి తగినంతగా పనికిరావాలన్న షరతు ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. కానీ ఆ సెక్షన్‌కే ఒక మినహాయింపు ఉంది. పేటెంట్ పేరుతోనో వ్యాపార నామంతోనో ఫలానా వస్తువు అని అడిగి కొంటే ఆ షరతు వర్తించదు. ‘ఫలానా బ్రాండ్ క్యామ్, మిల్లింగ్ మాడ్యూల్, ఒకటి’ అని మాత్రమే రాసిన పర్చేజ్ ఆర్డర్ డీలర్‌కు ఈ మినహాయింపును అందిస్తుంది. యంత్రం పేరు, కంట్రోలర్ మోడల్, అక్షాల సంఖ్య, ఏ రకం జాబ్‌లు చేయాలో రాసి ఉంటే కొనుగోలుదారు అవసరం చెప్పినట్టు అవుతుంది. 62వ సెక్షన్ ప్రకారం ఇలాంటి షరతులను ఒప్పందంతో తీసేసుకోవచ్చు కాబట్టి లైసెన్స్‌లోని ‘హామీ లేదు’ అన్న వాక్యం కూడా ఇక్కడే పనిచేస్తుంది.

కొనుగోలుదారుకూ బాధ్యతలున్నాయని ఇంగ్లండ్‌లో 2000లో వచ్చిన ఆంగ్లో గ్రూప్, విన్‌థర్ బ్రౌన్ కేసు చెప్పింది. ప్రామాణిక కంప్యూటర్ వ్యవస్థ కొన్నవారు తమ ప్రత్యేక అవసరాలను ముందే చెప్పాలి, శిక్షణకు సమయం ఇవ్వాలి, సమస్యలు తేల్చుకోవడంలో అమ్మకందారుతో కలిసిరావాలి. యంత్రం రెండు గంటలు ఆపమంటే ‘జాబ్ నడుస్తోంది, ఆదివారం రండి’ అనే షాపు యజమాని తర్వాత పోస్ట్ పరీక్షించలేదని ఫిర్యాదు చేస్తే, ఈ తర్కం అతడికి ఎదురవుతుంది. ఇంగ్లండ్ తీర్పు ఇక్కడి కోర్టులను కట్టిపడేయదు, వాదనకు బలం మాత్రం ఇస్తుంది.

వినియోగదారుడా, వ్యాపారా

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలని చిన్న షాపు యజమానికి మొదట తోస్తుంది. ఫీజు తక్కువ, ఐదు లక్షల రూపాయల వరకు చెల్లింపు ఉన్న ఫిర్యాదుకు ఫీజే లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను ఉండే లేదా పనిచేసే చోటనే వేసుకోవచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఇంత సౌకర్యం ఉన్నా చాలామంది అక్కడ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారు.

ఈ గుమ్మాన్ని కట్టిన తీర్పు కూడా సీఎన్‌సీ యంత్రం మీదే వచ్చింది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ అనే చిన్న పరిశ్రమ కోయంబత్తూరుకు చెందిన పీఎస్‌జీ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి సీఎన్‌సీ టర్నింగ్ యంత్రం కొని, ఆలస్యం, లోపాల మీద ఫిర్యాదు చేసింది. మహారాష్ట్ర రాష్ట్ర కమిషన్ రూ. 2.48 లక్షలు ఇప్పించింది. జాతీయ కమిషన్ దాన్ని కొట్టేసింది. 1995 ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు జాతీయ కమిషన్‌ను సమర్థించింది. తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పదిహేనేళ్లు న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. బతుకుతెరువు కోసం లేత్ కొని స్వయంగా నడుపుకునేవాడు వినియోగదారుడేనని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని ఆయన వివరించారు. యంత్రాన్ని పూర్తిగా ఇతరులతో నడిపించే వ్యాపారి మాత్రం వినియోగదారుడు కాడు. ఓడినవారు సివిల్ కోర్టుకు వెళ్తే కమిషన్లలో గడిచిన కాలాన్ని కాలపరిమితి చట్టం 14వ సెక్షన్ కింద మినహాయించమని అడగవచ్చని కూడా ఆ తీర్పు చెప్పింది. న్యాయవాదులు ఇప్పటికీ ఎక్కువగా వాడుకునేది ఆ చివరి మాటనే.

ఈ లెక్కన ఒక్క వీఎంసీ పెట్టుకుని ప్రోగ్రాం, సెట్టింగ్, ఆపరేషన్ అన్నీ తానే చేసుకునే వ్యక్తి కమిషన్‌లో నిలబడగలడు. నాలుగు యంత్రాలు, రెండు షిఫ్టులు, ప్రైవేట్ లిమిటెడ్ హోదా ఉన్న షాపుకు కష్టం. 2025 నవంబరులో పాలీ మెడిక్యూర్, బ్రిలియో టెక్నాలజీస్ కేసులో వ్యాపార ప్రక్రియలను ఆటోమేట్ చేసి లాభానికి తోడ్పడే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కొన్న కంపెనీ వినియోగదారు కాదని సుప్రీంకోర్టు చెప్పడంతో ఈ తలుపు మరింత దగ్గరకు పడింది.

కోర్టు దారి

ఇక మిగిలింది సివిల్ దావా. వస్తువుల అమ్మకం, సేవల ఒప్పందాల వివాదం విలువ మూడు లక్షల రూపాయలకు తగ్గకపోతే వాణిజ్య న్యాయస్థానాల చట్టం 2015 వర్తిస్తుంది. అత్యవసర ఉపశమనం కోరితే తప్ప దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. ఈ నియమం తప్పనిసరి అని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోస్ట్ తగాదాలకు ఈ దశ నిజంగా ఉపయోగపడుతుంది. ఇద్దరికీ కావాల్సింది సాధారణంగా నడిచే పోస్టే, తీర్పు కాదు.

సరూర్‌నగర్, ఎల్బీ నగర్ రంగారెడ్డి జిల్లాలో, మలక్‌పేట హైదరాబాద్ జిల్లాలో ఉండడంతో షాపు చిరునామా ఏ కోర్టుకు చెందుతుందో ముందే చూసుకోవాలి. అంతకంటే ముఖ్యమైనది ఒప్పందంలోని న్యాయపరిధి షరతు. డీలర్ కేంద్ర కార్యాలయం బెంగళూరులోనో పుణెలోనో ఉంటే ‘వివాదాలు అక్కడి కోర్టులకే’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎటూ పరిధి ఉన్న కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకుంటే ఆ షరతు చెల్లుతుందని 1989లో ఏబీసీ లామినార్ట్ కేసు, ‘మాత్రమే’ అన్న మాట లేకపోయినా చెల్లుతుందని 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసు చెప్పాయి. అలా రాసి ఉంటే ఎల్బీ నగర్ కోర్టు నడిచే దూరంలో ఉన్నా ఉపయోగం లేదు.

డబ్బు ఆపడం కొనుగోలుదారు చేతిలోని సహజమైన ఆయుధం. అందులో ఒక ఉచ్చు ఉంది. పోస్ట్ రాసిన వ్యక్తి సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే, ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం 2006 కింద సేవ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని అంగీకరించినట్టు లెక్క. చెల్లింపు గడువు ఒప్పందంలో ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ‘ఇంజనీర్‌కు ఫోన్ చేసి చెప్పాం’ అన్నది రాతపూర్వక అభ్యంతరం కాదు. అక్రమ కాపీ మీద నడిచే షాపుల పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. తెలిసి అక్రమ కాపీ వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50 వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా పడే వీలుంది. ఒక లైసెన్స్ కొని మరో రెండు కంప్యూటర్లలో క్రాక్ వేసుకున్న యజమాని పోస్ట్ లోపం మీద నోటీసు పంపే ముందు వెనకాడేది అందుకే.

రుజువు, పరీక్ష

కోర్టుకు చేరిన చోట తేల్చాల్సింది ఏ కోడ్ ఏ పోస్ట్ నుంచి వచ్చిందన్నది. క్యామ్ ఫైలు, ఆ తేదీ నాటి పోస్ట్ ఫైలు, తీసిన జి-కోడ్, కంట్రోలర్ పారామీటర్ల బ్యాకప్ నాలుగూ కలిపి దాచకపోతే తర్వాత ఏదీ రుజువు కాదు. జి-కోడ్‌ను ఆపరేటర్ యంత్రం దగ్గరే చేత్తో దిద్దడం షాపుల్లో మామూలు. దిద్దిన ఫైలే మిగిలితే పోస్ట్ తప్పు కనబడదు. డిజిటల్ ఫైళ్లను సాక్ష్యంగా ఇవ్వడానికి 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

తగాదా రాకుండా చూసే పద్ధతి అంగీకార పరీక్ష. వైమానిక పరిశ్రమలో యంత్రాల పరీక్షకు వృత్తం, వజ్రాకారం, చతురస్రం ఉన్న నమూనా ముక్కను ఎన్‌ఏఎస్ 979 ప్రమాణం కింద 1960ల చివరి నుంచీ వాడుతున్నారు. ఐదు అక్షాలకు శంకువు కోత ఉంటుంది. అలాంటి ముక్కనో, కొనుగోలుదారు సొంత జాబ్‌నో ఆర్డర్‌లో పేర్కొని, పోస్ట్ నుంచి వచ్చిన కోడ్‌ను చేత్తో దిద్దకుండా కొనుగోలుదారు యంత్రం మీద కోసి, కొలతలు డ్రాయింగ్ టాలరెన్స్‌లో ఉంటేనే చివరి విడత చెల్లింపు అని రాసుకుంటారు. అనుభవమున్న షాపులు దీనికి మరికొన్ని చేరుస్తాయి. పోస్ట్ ఎన్ని యంత్రాలకు, ఏయే సైకిళ్లకు, కొత్త వెర్షన్ వస్తే ఎవరు మార్చాలి, మూల ఫైలు తాళం లేకుండా ఇస్తారా, ఎన్ని నెలల్లో వచ్చిన లోపాలు ఉచితంగా సరిచేస్తారు అన్నవి. కొందరు డీలర్లు ఇప్పుడు పోస్ట్‌కు విడి కొటేషన్ ఇస్తూ, యంత్రం మాన్యువల్, ఒక నడిచే పాత ప్రోగ్రాం, పారామీటర్ల బ్యాకప్ పంపితేనే పని మొదలుపెడతామని ముందే రాస్తున్నారు.